తాయారు పన్నూ, కప్పెక్కిన గుమ్మడీ

ఇలా రావే బుల్లీ, దుప్పటి కప్పుకో. నోరు పుక్కిలించావా? ఏదీ, ‘ఈ’ అను. ఆఁ, సరే. ఆ కదిలే పన్నుని నాలికతో తొయ్యకు, దాని మానాన అదే ఊడుతుంది. ఊఁ కొడితేనే చెప్తాను మరి.

అనగనగనగా, కొల్లేటికి ఇవతల ఒక ఊళ్ళో, గడ్డికప్పు ఇంట్లో, తాయారని నీ ఈడు పిల్ల ఉండేది. దానికో అన్న, సత్తిబాబు. ఒక నాయనమ్మ, సూరమ్మ. సూరమ్మ నోట్లో మిగిలినవి రెండంటే రెండు పళ్ళు. ఆ రెండూ పెట్టుకునే ఊరందరినీ కేకలేసేది.

ఒకరోజు తాయారు ఎవరూ చూడకుండా డబ్బాలోంచి వేరుశెనగ ఉండ తీసింది. తీసి, కటుక్కున కొరికింది. అప్పుడు కదులుతున్న పైపన్ను కాస్తా ఊడి, ఉండతో పాటు గుటుక్కున లోపలికి పోయింది!

“పన్నూడిందే నీకు! ఏదీ పన్ను?” అంది నాయనమ్మ. ఆ ఊళ్ళో ఊడిన పన్నుని పేడముద్దలో పెట్టి, గరికపోచ గుచ్చి, కప్పు మీదికి విసరాలి. అప్పుడు కప్పు కొత్త పన్నిస్తుందని వాళ్ళ నమ్మకం. మింగేశానంటే ఉండ సంగతి బయటపడదూ? తాయారు చుట్టూ చూసింది. పక్కన చేటలో గుమ్మడిగింజలు ఆరబోసి ఉన్నాయి. తెల్లగా, అచ్చం పన్నులాగే. ఒకటి తీసి గుప్పెట్లో దాచి, పేడముద్దలో నొక్కేసింది.

“కప్పూ కప్పూ, నేనిచ్చింది తీసుకో, అలాంటిదే ఇచ్చుకో” అని చెప్పి విసిరింది. విసిరింది కదా, అంతటితో అయిపోయిందనుకుంది పిచ్చిమొహం.

“బోసినోరు, బోసినోరు!” అని సత్తిబాబు ఏడిపించాడు. “ఊరుకోరా వెధవా” అని నాయనమ్మ మందలించింది. “మన ఆవుకి పైన ముందుపళ్ళే ఉండవు, అది గడ్డి మానేసిందా?” తాయారు పరిగెత్తి ఆవు పెదవి ఎత్తి చూసింది. నిజమే! పైన ఉత్త చిగురే. ఓస్, ఇంతేనా అని తాయారు మనసు కుదుటపడింది.

ఆ తర్వాత వానలు పడ్డాయి. ఒకనాడు సత్తిబాబు అరిచాడు. “నాయనమ్మా! చెల్లి పన్ను విసిరినచోట గుమ్మడి మొలిచిందే!”

అందరూ నవ్వారు. తాయారు నవ్వలేదు. అలాంటిదే ఇచ్చుకో అని తనే కదా అడిగింది! అంటే కప్పు తన నోట్లో కూడా గుమ్మడే మొలిపిస్తుందన్నమాట. అమ్మో! కప్పు మీద గుమ్మడి రెండాకులు వేసిన రోజునే తాయారు పంటిచిగురు దురదపెట్టింది. తీగ సాగిన వారానికి చిగురు ఉబ్బింది. పూత వచ్చేసరికి నాలికకి ఏదో గరుకుగా తగిలింది.

అప్పుడు తాయారు ఏం చేసిందో తెలుసా? మొదట నీళ్ళు తాగడం మానేసింది, నీళ్ళు లేకపోతే మొక్క ఎండుతుందని. పెదాలు పగిలాయి, నోరు కంపు కొట్టింది, నోట్లోది మాత్రం ఎండలేదు. ఆ తర్వాత గుప్పెడు ఉప్పు చిగురుకి రుద్దింది. కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి తప్ప ఏం లాభం లేదు. ఇక మూడోది. నిచ్చెన వేసుకుని, కప్పు మీది తీగని రెండు చేతులా పట్టుకు లాగబోయింది. నిచ్చెన ఊగింది.

“ఓసి నీ దుంప తెగా! దిగవే!” నాయనమ్మ వచ్చి నడుం పట్టుకుని దింపింది. తాయారు బావురుమంది. “దాన్ని పీకేస్తే నా నోట్లోది కూడా పోతుందని...” అంటూ ఉండ సంగతీ, గింజ సంగతీ, నీళ్ళు మానేసిన సంగతీ అంతా కక్కేసింది.

నాయనమ్మ తిట్టలేదు. ముందు చెంబుడు నీళ్ళు తాగించింది. “నోట్లో నీరూరుతుంటేనే పళ్ళు శుభ్రంగా ఉంటాయే. వాటికి ఉమ్మే కాపలా. నువ్వేమో నోరెండబెట్టుకున్నావు.” ఆ తర్వాత వేలు కడుక్కుని చిగురు తడిమింది. తడిమి, పకపకా నవ్వింది.

“ఆకు కాదే, పన్ను!”

“మరి రంపంలా గీరుకుంటోందేం?”

“కొత్త ముందుపన్ను అంచు అలాగే ఉంటుంది. కొరగ్గా కొరగ్గా నున్నబడుతుంది. కప్పిచ్చింది కాదే ఇది. నువ్వు ఉయ్యాల్లో ఉన్నప్పట్నుంచీ నీ చిగురు కిందే దాక్కుని తయారవుతోంది. పాతదాని వేరు కరిగించి, దాన్ని బయటికి నెట్టి, ఇదిగో, ఇలా వచ్చింది.”

“మరి నేను మింగేసింది?”

“అది మర్నాడు చెంబు పట్టుకెళ్ళినప్పుడే పోయుంటుంది!”

తాయారుకి ఏడుపులోనే నవ్వొచ్చింది. “మరి కప్పు మీద ఎందుకు వెయ్యమన్నావు?”

“అలా వేస్తే మీకు బెంగ తీరుతుందని. వేలు పెట్టి కెలక్కుండా ఉంటారని.” నాయనమ్మ తన నోరు తెరిచి చూపించింది. “కానీ ఒకటి విను. ఈ పన్ను పుచ్చి ఊడితే ఇంకోటి రాదు. ఎముక కన్నా గట్టిది దీని పైపూత, కానీ ఒకసారి పోతే మళ్ళీ పట్టదు. నేను బెల్లంముక్క బుగ్గన పెట్టుకుని పడుకునేదాన్ని. చూడు, ఏం మిగిలాయో.”

ఆనాటి నుంచి తాయారు పొద్దునా రాత్రీ పళ్ళు తోమేది. కప్పు మీద గుమ్మడికాయ బిందెంత అయింది. కోసి పులుసు పెట్టారు. వెన్నలా ఉడికిన ముక్కని నాయనమ్మ చిగుళ్ళతోనే నమిలి, “అబ్బ, ఎన్నాళ్ళకి కడుపునిండా తిన్నానే! నీ దొంగపన్ను నాకోసమే మొలిచింది” అంది.

తాయారు ఆ కాయలోంచి రెండు గింజలు ఏరి, కడిగి, ఎండబెట్టి, నాయనమ్మ కొంగున ముడేసింది.

“ఇవెందుకే?”

“నీ రెండు పళ్ళూ ఊడితే కప్పు మీద వెయ్యడానికి. పళ్ళు రాకపోయినా నీకు గుమ్మడికాయలొస్తాయిగా, నాయనమ్మా!”

నాయనమ్మ దాన్ని గుండెకి హత్తుకుని ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. తాయారు కూడా కొత్త పన్ను కనబడేలా ఇంత నోరు చేసుకుని నవ్వింది.

గుమ్మడి తీగ కప్పెక్కింది,
గుండ్రని కాయ పులుసయ్యింది,
తాయారు పన్ను తళుక్కుమంది,
కథేమో నడిచి కంచికెళ్ళింది,
ఇంట్లో బుల్లికి నిద్దరొచ్చింది.