కొండ మీద బత్తాయి

ఓబులేసు బత్తాయి చెట్టు కాసింది. కొండ కింది బజారు దాకా ఆ మాట పాకింది. చూసినవాళ్ళంతా ముక్కున వేలేసుకున్నారు. గురువుగారు మాత్రం ఇంతవరకూ ఒక్క మంచి మాట అనలేదు. ఓబులేసు బాధల్లా అదే.

గురువుగారి ఆశ్రమం హిమాలయాల్లో కుమావూ కొండల మీద ఉంది. చలికాలం పొద్దున లేచి చూస్తే పెరట్లో నీళ్ళ తొట్టి మీద మంచు పలక కట్టి ఉంటుంది. గురువు నిరామయానంద స్వామిది బొబ్బిలి దగ్గర పల్లె. వయసులో ఉండగానే ఆ కొండలకు చేరి అక్కడే ఉండిపోయారు. ఆయన నోట తెలుగు వినవచ్చని తెలుగు శిష్యులు వెతుక్కుంటూ వెళ్ళేవారు.

అక్కడ ఒక పద్ధతి ఉండేది. కాషాయం కట్టాలనుకున్నవాడు ముందు ఆ కొండ మీద ఒక నిమ్మజాతి మొక్కను పెంచాలి. ఏ రకమన్నది వాడి ఇష్టం. అది కాసి పండాక, తొలిపండు తెచ్చి గురువు చేతిలో పెట్టిననాడే దీక్ష. వేరే పరీక్ష లేదు, దక్షిణా లేదు. తొలిపండు గురువుది కనుక అంతకు ముందు ఎవరూ రుచి చూడకూడదు.

తెలివైనవాళ్ళు పులుపు రకాలే ఎంచుకునేవారు. కొండవాళ్ళ పెరళ్ళలో పెద్ద నిమ్మ ఒకటుంటుంది. మంచు కురిసినా దులుపుకొని నిలబడే చెట్టు అది. కొందరు కుండీలో చిట్టి నారింజ పెట్టుకొని, పొద్దుగూకగానే వసారాలోకి జరుపుకునేవారు. ఎండ తక్కువైనా ఇవి పులుపుకు లోటు చెయ్యవు. తీపి రకాల సంగతి వేరు. వాటికి ఎండ కావాలి, అదీ నడినెత్తిన మాడ్చే ఎండ.

ఓబులేసుది తాడిపత్రి పక్క. తాతల నాటి బత్తాయి తోట వాళ్ళది. ఎంచుకొమ్మన్నప్పుడు వాడు క్షణం కూడా ఆలోచించలేదు.

"పప్పులోకి పిండుకునే కాయ తీసుకొచ్చి ఎవురన్నా గురువు చేతిలో పెడతారా? నేను మా బత్తాయి పండిస్తా, చూడప్పా" అన్నాడు తోటి శిష్యుడు భీమశంకరంతో. భీమశంకరం అమలాపురం వాడు. తనొక పెద్ద నిమ్మ మొక్క నాటుకొని ఊరుకున్నాడు.

"బత్తాయికి మీ ఊరి ఎండ కావాలి కదయ్యా బాబూ. దాన్ని కూడా కొండెక్కించి తెస్తావేంటి?" అన్నాడు భీమశంకరం.

ఓబులేసు గురువుగారి దగ్గరికి వెళ్ళాడు. ఆయన విని, "నీ ఇష్టం నాయనా" అన్నారు. అంతకుమించి ఒక్క ముక్క లేదు.

వాడు ఊరికి పోయి అంటుమొక్క తెచ్చాడు. దారి పొడుగునా రైల్లో ఒళ్ళో పెట్టుకొనే కూర్చున్నాడు. పొద్దునే ఎండలోకి, సాయంత్రం లోపలికి, ఎండ జరిగితే కుండీని జరపడం, ఆకుల మీద దుమ్ము తడిగుడ్డతో తుడవడం. పూత వేళకు ఆ చలిలో తేనెటీగలు తిరగవు కనుక పక్షి ఈకతో పూవు పూవుకూ తానే పుప్పొడి అద్దాడు. జపమాల పక్కన పెట్టిన రోజులున్నాయి గానీ చెట్టును మరిచిన రోజు లేదు.

వంటింటి పొయ్యికి అవతలి గోడ ఎప్పుడూ వెచ్చగా ఉండేది. ఆ గోడ వారగా గురువుగారి మంచం. తొలి చలికాలం అక్కడ కుండీకి చోటు చాలకపోతే ఆయనే మంచం వసారాలోకి మార్చుకున్నారు. తన చెట్టుకు గురువుగారు ఇచ్చిన మర్యాద అది అనుకొని ఓబులేసు పొంగిపోయాడు. వసారాలోంచి ఆయన దగ్గు చలికాలమంతా వినబడుతూనే ఉంది.

ఈలోగా భీమశంకరం నిమ్మ కాసింది. వంకరగా, గరుకు తోలుతో, చూడ్డానికి ఏమీ బాగులేని కాయ. గురువుగారు దాన్ని పెరుగులో పిండి, ఉప్పూ బెల్లమూ కలిపి, పెరట్లో ఎండలో కూర్చోబెట్టి అందరికీ తలా కాస్త పెట్టారు. ఆ కొండల్లో నిమ్మను అలాగే తింటారు. తిన్నవాళ్ళ కళ్ళలో నీళ్ళు, నోళ్ళలో నీళ్ళు. "పులుపంటే ఇదీ!" అని గురువుగారు వేళ్ళు నాక్కున్నారు. భీమశంకరానికి ఆ రోజే దీక్ష అయింది. పేరు మారినా అందరూ వాణ్ణి పాత పేరుతోనే పిలిచేవారు.

ఆ "పులుపంటే ఇదీ" ఓబులేసు చెవిలో జోరీగై కూర్చుంది. పుల్లటి కాయకే అంత మెప్పు దొరికితే బత్తాయికి ఎంత దొరకాలి!

అయిదో చలికాలానికి చెట్టున ఒక్క కాయ నిలిచింది. గట్టి చలి మొదలయ్యేసరికి అది బంగారం పూసినట్టు రంగు తిరిగింది. తాడిపత్రి తోటల్లో బత్తాయి పండినా పచ్చగానే ఉంటుంది. ఇంత రంగు ఓబులేసు పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. మంచు మెరుస్తున్న కొండ మీద తమ ఊరి పండు, అదీ ఊళ్ళో కంటే అందంగా! వాడి కాళ్ళు నేల మీద ఆనలేదు.

కొండవాళ్ళు గుంపులుగా వచ్చి చూసిపోయారు. బారసాల నాడు బిడ్డ తండ్రి తిరిగినట్టు ఓబులేసు వాళ్ళ మధ్య తిరిగాడు. తొడిమ ఊడుతుందేమోనని ఎవరినీ ముట్టనివ్వలేదు, తానూ ముట్టలేదు.

"దిష్టిచుక్క పెట్టరాదూ?" అన్నాడు భీమశంకరం.

"పెడతా. నీ కన్నే ముందు తగిలేది" అన్నాడు ఓబులేసు.

దీక్ష రోజు వచ్చింది. గడ్డకట్టే నీళ్ళలో మునిగినా వాడికి చలి తెలియలేదు. తల గొరిగించుకొని, పండును ముట్టకుండానే ఆకుతో సహా పళ్ళెంలోకి కత్తిరించి, రెండు చేతులా పట్టుకొచ్చాడు. పెరడంతా జనం. గురువుగారి ఎదుట కొత్త కాషాయ వస్త్రం మడతపెట్టి ఉంది. ఓబులేసు పళ్ళెం అందించి, ఆయన ముఖంలోకే చూస్తూ నిలబడ్డాడు. ఇవాళైనా అంటారు, అనక తప్పదు.

గురువుగారు పండును అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఏటి ఓబులేసూ, కాయ పక్వానికి వచ్చిందో లేదో మీ నాన్న ఎలా చెప్పేవాడు?"

ఓబులేసుకు హుషారొచ్చింది. "మా నాయన చేయి పడితే తిరుగుండదు సామీ! కింద చేయి పెట్టి బరువు చూస్తాడు, అడుగున బొటనవేలితో ఒత్తుతాడు. కండ్లు మూసుకొని చెప్తాడు. నాకూ నేర్పినాడు. రంగు చూసి కొనేటోడు మా తావ నిలువునా మునిగిపోతాడు!"

గురువుగారు తలూపారు. కాషాయ వస్త్రం మడత విప్పి, పండును అందులో చుట్టి, ఆ మూటను ఓబులేసు అరచేతిలో పెట్టారు.

"మీ నాన్నలా చూడు."

ఓబులేసు నవ్వుతూనే కళ్ళు మూసుకున్నాడు. చెయ్యి బరువు చూసింది. బొటనవేలు బట్ట మీదుగా అడుగుకు వెళ్ళి ఒత్తింది. మళ్ళీ ఒత్తింది. తోలు లొంగలేదు. పండుకు ఉండాల్సిన బరువు లేదు. చిన్నప్పటి నుంచి వేల కాయలు పట్టిన చెయ్యి అది, దానికి అబద్ధం చెప్పడం రాదు. వాడి ముఖాన నవ్వు మెల్లగా ఆరిపోయింది.

జనం చూస్తున్నారు. పండింది సామీ అంటే సరిపోతుంది. కాదనేవాడు అక్కడ ఎవడూ లేడు. వస్త్రం చేతిలోకి వచ్చే ఉంది. దాని కోసం అయిదేళ్ళు కాచుకున్నాడు.

"కొయ్యమంటావా?" మెల్లిగా అడిగారు గురువుగారు.

"వద్దు సామీ" అన్నాడు ఓబులేసు. జనం వైపు తిరిగి, అందరికీ వినబడేలా అన్నాడు. "ఇంకా కాయే."

మూట విప్పి కాయను పళ్ళెంలో పెట్టాడు. వస్త్రాన్ని దులిపి, పాత మడత మీదే జాగ్రత్తగా మడిచి, రెండు చేతులా గురువుగారి ఒళ్ళో పెట్టాడు.

"ఇది నాకెందుకు ఇస్తున్నావు?"

"చలికి రంగు తొందరగా వచ్చింది సామీ."

ఆ మాట అనేటప్పుడు వాడు కాయ వైపు చూడలేదు, కాషాయం వైపు చూశాడు.

గురువుగారు వాణ్ణి కాసేపు కన్నార్పకుండా చూశారు. అయిదేళ్ళలో ఎన్నడూ కనబడని గర్వం ఆయన ముఖంలో కనబడింది. దాన్ని ఆయన దాచుకోనూ లేదు. చూశారా నా శిష్యుణ్ణి అన్నట్టు పెరడంతా ఒకసారి కలయజూశారు. తరవాత భీమశంకరాన్ని కేకేశారు.

"ఒరే శంకరం, వీడికి మంచి పుల్లటి మొక్కొకటి చూసిపెట్టరా."