దివానుగారి మార్కెట్

నందివలస జమీందారుగారి దివాను జగ్గారావు పట్నం వెళ్ళి నాలుగు ఇంగ్లీషు మాటలు నేర్చుకొచ్చాడు. వస్తూనే ఊరి చివర రేకుల షెడ్డు కట్టించి, దానికి ‘మార్కెట్’ అని బోర్డు కొట్టించాడు. “ఇకమీదట మార్కెట్‌లో తప్ప ఎక్కడ అమ్మినా సరుకు జప్తు!” అని దండోరా వేయించాడు.

ఆకుకూరలమ్మే పైడమ్మ ఆ వారం సంతకు షెడ్డులోనే కూర్చుంది. రేకుల వేడికి మధ్యాహ్నానికల్లా బచ్చలంతా వడలిపోయి మేకల పాలైంది. ఆమె దివాను దగ్గరికి వెళ్ళింది.

“బాబూ, మార్కెట్టంటే ఏటి?”

నలుగురూ వింటున్నారని దివాను మీసం దువ్వాడు. “అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ కలిసే చోటే మార్కెట్. తెలిసిందా?”

“తెలిసింది బాబూ,” అని పైడమ్మ ఆ సాయంత్రమే ఇల్లిల్లూ తిరిగింది.

మరుసటి వారం కొత్త మార్కెట్ చూపిద్దామని దివాను జమీందారుగారిని వెంటబెట్టుకొచ్చాడు. షెడ్డు ఖాళీ! సంతంతా ఏటి ఒడ్డు మామిడితోపులో కళకళలాడుతోంది.

“మార్కెట్ బయట అమ్ముతారా? అంతా జప్తు చేయిస్తా!” అని దివాను మండిపడ్డాడు.

పైడమ్మ లేచి దణ్ణం పెట్టింది. “అమ్మేవోళ్ళూ కొనేవోళ్ళూ కలిసిందే మార్కెట్టని తమరే సెప్పారు. ఆ షెడ్డులో ఎవురూ లేరు. ఇక్కడ అందరం ఉన్నాం. మరి మేం కూకున్నది మార్కెట్లోనే గదా బాబూ!”

జమీందారుగారు పగలబడి నవ్వారు. “దివాన్జీ, ఆ బోర్డు పీకించి ఇక్కడ పాతించండి!”

పైడమ్మ తట్టను దివాను ముందుకు జరిపింది.

“మార్కెట్టుకొచ్చారు గదా బాబూ, ఏటి కావాల?”