గానుగెద్దు చేసిన నేరం

అనగనగనగా, మన తాతలకు తాతలు ఇంకా దోగాడుతున్న కాలంలో, మేఖలాపురమనే పట్టణం ఒకటి ఉండేది. దాన్ని కీర్తివర్ధనుడనే రాజు ఏలేవాడు. రాజు మంచివాడే. కాకపోతే చాలామంది మంచివాళ్లలాగే, ఎదుటివాళ్లు కూడా మంచివాళ్లేననుకునేవాడు.

ఆ ఊరి కావలి భారమంతా కొత్వాలు దండపాణిది. మొదట్లో అతని భటుల అవస్థ చూస్తే దొంగలకే జాలి వేసేది. కాగడాలకు నూనె లేదు. ఈటెలకు మొనలు లేవు. డప్పు ఎప్పుడో చిరిగిపోయింది. దొంగ కనిపిస్తే భటులు నోటితోనే "ఢమ ఢమ ఢమ" అని అరుచుకుంటూ పరుగెత్తేవారు.

కొత్వాలు వెళ్లి రాజుగారి దగ్గర మొరపెట్టుకున్నాడు. రాజు ఆలోచించి చాటింపు వేయించాడు.

"దొంగిలించిన సొమ్ము ఎవరిదైతే వారికి ఇచ్చెయ్యాలి. దొంగతనానికి సాయపడిన వస్తువును మాత్రం కొత్వాలు ఉంచుకోవచ్చు. అయితే దాన్ని ఊరి కావలికే వాడాలి. మరి దేనికీ వాడరాదు!"

ఇంత మంచి ఆజ్ఞ మరొకటి ఉండదని ఊరంతా మెచ్చుకుంది. నిజంగానే కొన్నాళ్లు అంతా బాగా జరిగింది. దొంగల నిచ్చెన అమ్మితే కాగడాలకు నూనె వచ్చింది. దొంగల గుర్రం అమ్మితే భటులకు చెప్పులు వచ్చాయి. డప్పుకు కొత్త తోలు పడింది. దొంగలు బెదిరిపోయి, పొరుగు రాజ్యానికి మూటాముల్లె సర్దుకున్నారు.

అక్కడితో ఆగితే ఈ కథే లేదు.

దండపాణికి రుచి మరిగింది. మొదట తన కొలువులోకి ఇత్తడి గొలుసుల ఉయ్యాల మంచం తెప్పించాడు. "ఇదెందుకండీ?" అని ఎవరో అడిగారు. "కావలి కోసమే! కొత్వాలు నడుము నొప్పితో ఉంటే ఊరికి రక్షణ ఎక్కడిది?" అన్నాడు.

తరువాత అరిసెలు వండడానికి ఒక వంటవాణ్ణి పెట్టాడు. "కావలి కోసమే! ఆకలితో ఉన్నవాడు దొంగ వెంట పరుగెత్తగలడా?" అన్నాడు. ఆ అరిసెలు తిన్నవాడు లేచి నిలబడటమే గగనమని వేరే చెప్పాలా?

ఆ తరువాత ఒక రామచిలుకను, దానికో పంజరాన్ని కొన్నాడు. "కావలి కోసమే! దొంగ వస్తే అరుస్తుంది," అన్నాడు. చిలుక నేర్చుకున్న మాట ఒక్కటే, "ఇంకో అరిసె!"

అయితే ఒక చిక్కు వచ్చింది. దొంగలు తగ్గిపోయారు. దొంగలు లేకపోతే వాళ్ల నిచ్చెనలూ గుర్రాలూ ఎక్కడివి? దానితో కొత్వాలు చూపు మెల్లగా మనుషుల మీద నుంచి వస్తువుల మీదికి జారింది. దొంగ వెంట పరుగెత్తితే ఆయాసం తప్ప ఏమీ మిగలదు. వస్తువైతే నిలబడిన చోటే ఉంటుంది కదా!

ఇక మన సిద్ధమ్మ సంగతికి వద్దాం.

సిద్ధమ్మ తూర్పు వీధిలో నువ్వుల గానుగ ఆడించుకుని బతికేది. ఆమెకు పెనిమిటి లేడు, పిల్లలు లేరు. ఉన్నదల్లా చుక్కన్న. నుదుట తెల్లని చుక్క ఉన్న ఎద్దు అది. తెల్లవారగానే కళ్లకు గంతలు కట్టి, మెడ మీద కాడి వేస్తే చాలు, గానుగ చుట్టూ సాయంత్రం దాకా తిరిగేది. ఆ ఎద్దు తిరిగితేనే ఆమె పొయ్యి వెలిగేది. అందుకే తాను గంజి తాగి అయినా, దానికి నూనె తీయగా మిగిలిన తెలగపిండి పెట్టేది.

ఒకనాడు సిద్ధమ్మ తెలగపిండి మూటలు చుక్కన్న వీపున వేసుకుని సంతకు బయలుదేరింది. దారిలో సన్నగా, పొడుగ్గా ఉన్న ఒక బాటసారి కలిశాడు.

"అక్కా, నడుము పట్టేసింది. ఈ చిన్న మూట కూడా నీ ఎద్దు మీద వెయ్యనిస్తావా?" అన్నాడు.

"దానికేం భాగ్యం తమ్ముడూ, వెయ్యి," అంది సిద్ధమ్మ.

సంత దగ్గర భటులు ఎదురుపడ్డారు. వాళ్లను చూడగానే బాటసారి నడుము నొప్పి మాయమైంది. కాళ్లకు రెక్కలు వచ్చినట్టు పరుగు లంకించుకున్నాడు. భటులు మూట విప్పి చూస్తే, అందులో కంసాలివీధిలో పోయిన వెండి గిన్నెలు!

"అయ్యో, దొంగ అటు పోతున్నాడు, పట్టుకోండయ్యా!" అని సిద్ధమ్మ కేకలు పెట్టింది.

భటులు కదలలేదు. పొట్టలు నిమురుకుంటూ, "పోనీలే. వాణ్ణి పట్టుకుంటే ఎవడు కొంటాడు?" అన్నారు. అని, చుక్కన్న ముకుతాడు పట్టుకుని కొత్వాలు కొలువుకు లాక్కుపోయారు.

సిద్ధమ్మ వెంటనే కొలువుకు పరుగెత్తింది. దండపాణి ఉయ్యాల మంచం మీద ఊగుతున్నాడు.

"అయ్యా, నేనేం తప్పు చేశాను? నా ఎద్దును నాకిప్పించండి," అని దండం పెట్టింది.

"నువ్వా? నువ్వే తప్పూ చెయ్యలేదమ్మా. నిన్ను ఎవరన్నా ఒక్క మాటన్నారా? నేరం చేసింది ఎద్దు. దొంగ సొత్తు మోసింది ఎవరు? నువ్వా, అదా?"

"అదేనండి."

"చూశావా, నువ్వే సాక్ష్యం చెప్పావు!" అని కొత్వాలు మీసం దువ్వుకున్నాడు. "ఇంకో అరిసె!" అని చిలుక అరిచింది.

సిద్ధమ్మ ఏడ్చుకుంటూ ఇంటికి వచ్చింది. ఊరికే కూర్చుంటే పొట్ట నిండదు కనుక, కాడి తన భుజానికే ఎత్తుకుని గానుగ లాగింది. భుజాలు కాయలు కాశాయి. నూనె మాత్రం గరిటెడు కూడా దిగలేదు. కార్తీకం దగ్గర పడుతోంది, దీపాలకు నూనె ఏదని ఊరివాళ్లు అడుగుతున్నారు.

రెండోసారి ఆమె ఇరుగు పొరుగును వెంటబెట్టుకుని వెళ్లింది. "చుక్కన్న చాలా మంచిదయ్యా, ఎవరి చేనులోనూ మూతి పెట్టి ఎరగదు," అని అందరూ చెప్పారు.

"ఎరగదో ఎరుగునో అదే చెప్పాలి. మూటలో దొంగ సొత్తు ఉందని దానికి తెలియదని రుజువు చెయ్యండి, ఇప్పుడే విప్పేస్తాను," అన్నాడు దండపాణి. ఎద్దు వైపు వంగి, "ఏమోయ్, నీకు తెలుసా, తెలియదా?" అని అడిగాడు.

చుక్కన్న నెమరు వేస్తూ ఊరుకుంది.

"తప్పు చేసినవాళ్లంతా ఇలాగే నోరు మెదపరు," అన్నాడు కొత్వాలు. వచ్చే సంతలో ఎద్దును అమ్మి, వెండి తాంబూలం పెట్టె కొనుక్కోవాలని అతని ఆలోచన.

ఆ మాట భటుల నోట విన్న సిద్ధమ్మకు ఏడుపు ఆగిపోయి కోపం వచ్చింది. మూడోసారి ఆమె కొలువుకు వెళ్లలేదు. సరాసరి రాజసభకే వెళ్లింది.

రాజు అంతా విని కొత్వాలును పిలిపించాడు. "దండపాణీ! ఆ ఎద్దును ఊరి కావలికి వాడుతున్నావా?"

"కావలి కోసమే ప్రభూ! గస్తీ బండికి కట్టాం," అని కొత్వాలు తడుముకోకుండా అబద్ధమాడాడు.

"సంతోషం. రేపు ఉదయం కోట ముందు ఆ గస్తీ చూస్తాను. అది కావలికి పనికివస్తే కొలువులోనే ఉంటుంది. పనికిరాకపోతే ఈమె ఎద్దు ఈమెకే."

సిద్ధమ్మ దాపరికం చేతకాక ఉన్నమాట చెప్పింది. "దొరా, కాడి వేస్తే దానికి తెలిసిన దారి ఒక్కటే."

"ఒక్క దారి చాలు! మా గస్తీ రాజవీధిలోనే," అని కొత్వాలు నవ్వాడు. ఆ దారి ఏదో అడగాలని అతనికి తోచలేదు. తాంబూలం పెట్టె కళ్ల ముందు మెరుస్తుంటే ఎందుకు తోస్తుంది?

తెల్లవారింది. ఊరంతా కోట ముందు మైదానంలో గుమిగూడింది. కొత్వాలు జరీ తలపాగా చుట్టి, కొత్తగా రంగు వేసిన ఒంటెద్దు బండి ఎక్కాడు. ఒక భటుడు గొడుగు పట్టాడు, ఒకడు వింజామర పట్టాడు, ఒకడు చిలుక పంజరం పట్టాడు. మిగతావాళ్లు వెనక బారులు తీరారు. జనాన్ని చూసి ఎద్దు బెదురుతుందేమోనని దాని కళ్లకు గుడ్డ కట్టించాడు.

మెడ మీద కాడి పడింది. కళ్లకు గంతలు పడ్డాయి. ఇంకేం, చుక్కన్నకు పని మొదలైంది. బండి కదిలింది. మైదానం మధ్యలో గుండ్రంగా తిరగసాగింది.

మొదటిసారి రాజు ముందుకు రాగానే కొత్వాలు గంభీరంగా నమస్కరించాడు. రాజూ చెయ్యెత్తాడు.

రెండోసారి వచ్చినప్పుడు కొత్వాలు మళ్లీ నమస్కరించాడు. "ఊరంతా అప్పుడే చుట్టి వచ్చాడా? భలే వేగం!" అన్నాడు రాజు.

మూడోసారి కొత్వాలు నమస్కరించలేదు. పగ్గాలు పట్టి లాగుతున్నాడు. "అటు పోరా! రాజవీధి అటు!" అని మొత్తుకుంటున్నాడు. ఎద్దు తన దారిన తాను పోతోంది. గొడుగువాడు, వింజామరవాడు, చిలుకవాడు రొప్పుతూ చుట్టూ తిరుగుతున్నారు.

సరిగ్గా అప్పుడే అంగడివీధి నుంచి "దొంగ! దొంగ!" అని కేక వినిపించింది. భటులందరూ కొత్వాలు ఊరేగింపులో ఉన్నారు కదా! ఇంతకంటే మంచి సమయం దొరకదని, మిఠాయి అంగట్లో ఇత్తడి గుండిగ కాజేశాడు ఒకడు. ముఖం కనబడకుండా దాన్నే తల మీద బోర్లించుకుని పరుగెత్తుకొచ్చాడు. జనానికి ముఖం కనబడలేదు, నిజమే. అతనికి దారీ కనబడలేదు. నేరుగా మైదానంలోకి వచ్చాడు.

అటు తిరిగితే బండి చప్పుడు, ఇటు తిరిగితే బండి చప్పుడు! "ఈ ఊళ్లో ఇన్ని గస్తీ బండ్లు ఎప్పుడు వచ్చాయిరా బాబూ!" అని గుండిగలోంచి ఏడుపు వినిపించింది. కొత్వాలు దూకుదామంటే బండి ఆగదు. భటులు పట్టుకుందామంటే కొందరికి చేతులు ఖాళీ లేవు, అరిసెలు తిన్న మిగతావాళ్లకు పరుగు రాదు.

సిద్ధమ్మ ఒక్క ఉదుటున ముందుకొచ్చి "హో... చుక్కన్నా!" అంది. ఎద్దు టక్కున ఆగింది. దొంగ వచ్చి బండికి గుద్దుకుని కూలబడ్డాడు. గుండిగ తీసి చూస్తే, నడుము పట్టేసిన తమ్ముడే!

"దొరా! ఆ రోజు నా ఎద్దు మీద మూట వేసింది ఇతనే," అంది సిద్ధమ్మ.

రాజు దొంగను అడిగాడు. "నిజం చెప్పు. నీ మూటలో ఏముందో ఈ ఎద్దుకు తెలుసా?"

దొంగ తెల్లబోయాడు. "మహారాజా, నా మూటలో ఏముందో కట్టుకున్న పెళ్లానికే చెప్పను. ఎద్దుకు చెబుతానా?"

మైదానమంతా ఘొల్లుమంది. రాజు మాత్రం నవ్వలేదు. ఆయనకు నిజంగా సిగ్గు వేసింది. సిద్ధమ్మ భుజాల మీది కాయలను అప్పుడే ఆయన చూశాడు.

"తల్లీ, తప్పు కొత్వాలుదే కాదు, నాది కూడా. పట్టుకునే చేతికే వాడుకునే హక్కు ఇచ్చి, వెనక్కి తిరిగి చూడలేదు. ఇక మీదట పట్టుకున్నది ఏదైనా సరే, అసలు నేరం ఎవరిదో తేలేదాకా సభ ముందు ఉంటుంది. దాన్ని దేనికి ఖర్చుపెట్టాలో ఊరి పెద్దలు చెబుతారు, కొత్వాలు కాదు," అన్నాడు.

ఉయ్యాల మంచం అమ్మితే భటుల జీతాలకు సరిపోయింది. వంటవాడు అరిసెల అంగడి పెట్టుకున్నాడు. చిలుక కూడా అతని వెంటే పోయింది.

ఇక దండపాణి? ఎద్దు లేక సిద్ధమ్మ ఎన్నాళ్లు నష్టపోయిందో, అన్నాళ్లు గానుగ అతనే తిప్పాలని రాజు తీర్పు చెప్పాడు. మర్నాడు ఊరి జనం గోడలెక్కి చూస్తుండగా, దండపాణి కాడి భుజాన పెట్టుకుని గుండ్రంగా తిరిగాడు. చుక్కన్న పక్కనే పడుకుని తెలగపిండి తింటోంది. సిద్ధమ్మ దాని గంగడోలు నిమురుతూ కళ్లు తుడుచుకుంది. కొత్వాలు రొప్పుతూ ఆగినప్పుడు ఆమెకే జాలి వేసి, చెంబెడు మజ్జిగ ఇచ్చింది.

మజ్జిగ తాగి దండపాణి తల వంచుకున్నాడు. "అమ్మా, నీ ఎద్దును తోలుకుపోయినప్పుడు నాకు ఎద్దే కనబడింది. దాని వెనక నువ్వున్నావని తోచలేదు," అన్నాడు. ఆ మాట మనసులోంచే వచ్చింది.

కాబట్టి పిల్లలూ, ఊరిని కాయమని ఇచ్చిన అధికారాన్ని సొంత సుఖానికి వాడుకునేవాడికి ముందు దొంగ కనబడడు, ఆ తరువాత న్యాయమే కనబడదు.