కొంగల మడుగులో బుడుబుంగ పోటీ

అనగనగా అనగానే ఊ కొట్టేవాళ్లకే ఈ కథ. కొట్టారా? అయితే వినండి.

అనగనగా రెండు కొండల నడుమ నల్లమడుగు అనే పెద్ద మడుగు. ఆ మడుగులో నూరు గూళ్లు. వాటిలో డెబ్బై కొంగలవి. నీళ్లలో నిలిచిన తుమ్మచెట్ల మీద తెల్లగా, గుత్తులు గుత్తులుగా వాటి కాపురాలు. మిగిలిన ముప్పై నీటికోళ్లవీ, బుడుబుంగలవీ. ఆ చిన్న పిట్టలు నాచూ తుంగా పోగేసి, నీళ్ల మీద తేలే గూళ్లు కట్టుకునేవి.

మడుగన్నాక ఒక పెద్ద ఉండాలి కదా! రెండేళ్లకోసారి పెద్దను ఎన్నుకునేవారు. గూటికొక నత్తగుల్ల. తుంగపొదలో రెండు కుండలు పెడతారు. ఒక్కొక్కరే లోపలికి వెళ్లి, నచ్చినవారి కుండలో గుల్ల వేసి రావాలి. ఎవరికి వేశావని ఎవరూ అడగకూడదు. అది తాతలనాటి కట్టుబాటు.

ఏడు ఎన్నికలుగా గెలుస్తున్నది కొంగల పక్షమే. వాళ్ల నాయకుడు దీర్ఘజంఘుడు. పేరుకు తగ్గట్టే కాళ్లు ఇంత పొడుగు, మెడ ఇంకా పొడుగు, ఇక గర్వం సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎండాకాలం రాగానే ఆయనగారు మడుగు గట్టుకు గండి కొట్టించేవాడు. సగం నీళ్లు బయటికి పోయేవి. మిగిలిన బురదలో చేపలు గిలగిల కొట్టుకునేవి. కొంగలకు పండగే పండగ!

మరి తేలే గూళ్ల గతి? నీళ్లు పోగానే అవి బురదలో కూలబడేవి. నక్క తాపీగా నడిచివచ్చి గుడ్లన్నీ తినిపోయేది.

నిరుడు బుల్లెమ్మ అనే బుడుబుంగకు అలాగే నాలుగు గుడ్లు పోయాయి. పిడికెడంత పిట్ట, తోకైనా సరిగ్గా లేదు పాపం. ఖాళీ గూటి చుట్టూ మూడు రోజులు తిరిగి తిరిగి ఏడ్చింది. ఈ ఏడు మళ్లీ నాలుగు గుడ్లు పెట్టింది. వాటిని నాచుతో కప్పి, ఎన్నిక జరిపించే ముసలి తాబేలు దగ్గరికి తిన్నగా వెళ్లింది.

"తాతా, ఈసారి పోటీకి నేనూ నిలబడతాను. నా పేరు రాసుకో."

తాబేలు డొప్పలోంచి తల బయటపెట్టి ఎగాదిగా చూసింది. "నువ్వా?"

"నేనే."

ఇంకేముంది, మడుగంతా ఒకటే నవ్వు. "దానికి పది గుల్లలు దాటితే నేను తెల్లకాకినైపోతాను" అని కాకి కొమ్మకొమ్మకూ చాటింది. బుల్లెమ్మ నేస్తం కెంపు అనే నీటికోడి కూడా లబోదిబోమంది.

"ఏమే, నీకు లెక్క రాదా? మనం ముప్పై, వాళ్లు డెబ్బై. ఉన్న పరువు పోగొట్టుకోవడానికా ఇదంతా?"

"పరువు పోతే పోనీవే. ఈసారీ గుడ్లు పోతే నేను తట్టుకోలేను."

కెంపు మనసు కరిగింది. గొంతు తగ్గించి, "అయితే ఒక ఉపాయం చెబుతా విను. నేనూ గండి కొట్టిస్తానని కొంగలకు చెప్పు. గెలిచాక మానెయ్. నిన్ను ఎవరేం చేస్తారు?" అంది.

"వద్దే. ఒకసారి అబద్ధమాడితే తర్వాత నా మాట ఎవరు నమ్ముతారు? ఉన్నదున్నట్టే చెబుతాను. వేస్తే వేస్తారు, లేకపోతే లేదు" అని బుల్లెమ్మ తుమ్మచెట్ల వైపు బయల్దేరింది.

చెట్టెక్కే కాళ్లు కావు కదా దానివి! కింద నీళ్లలోనే ఆగి, మెడ నిక్కించి మాట్లాడాలి. మొదటి చెట్టు మీద ఒక కుర్ర కొంగ ఉంది. "ఏయ్, తోకలేనిదానా! మా వాకిట్లోకొచ్చి మమ్మల్నే అడుగుతున్నావా?" అని నెత్తిన చేపముల్లు పడేసింది. బుల్లెమ్మ బుడుంగున మునిగి, ఇంకో చెట్టు కింద తేలింది.

రెండో చెట్టు మీద ముసలి కొంగ. అది చివరిదాకా ఓపిగ్గా విన్నది. "అమ్మాయ్, నీ మాట న్యాయమే. కాని మా తాత కొంగకే వేశాడు, మా నాన్నా కొంగకే వేశాడు. నేను బుడుబుంగకు వేస్తే పైలోకంలో వాళ్లకు ఏం మొహం చూపించను?"

"విన్నావు బాబాయ్, అదే పదివేలు" అని బుల్లెమ్మ ముందుకు సాగింది.

మూడో చెట్టు మీద మల్లి అనే తల్లికొంగ పొదుగుతూ ఉంది.

"అక్కా, నేను గెలిస్తే గండి కొట్టనివ్వను. నీళ్లు లోతుగా ఉంటాయి. నీకు వేట కష్టమవుతుంది. చేపల కోసం పొలాల కాలవలదాకా ఎగరాల్సి వస్తుంది. దాచడమెందుకు?"

మల్లి వింతగా చూసింది. "కష్టం తెస్తానని చెప్పి మరీ గుల్ల అడుగుతున్నావా! నీకేమన్నా పిచ్చా?"

"నిరుడు నా నాలుగు గుడ్లూ నక్క తినేసిందక్కా. అందుకే వచ్చాను."

మల్లి గూటి అంచుదాకా వంగి, మెల్లగా అంది. "నాకు ఇద్దరు పిల్లలు పోయారు. చెట్టు కింద నీళ్లు ఎండాయి కదా, జంగుపిల్లి నడిచొచ్చి ఎక్కేసింది. అప్పుడు నేను ఆ బురదలో చేపలు తింటున్నాను. నీళ్లుంటే అది గట్టు దాటేది కాదు. ఈ సంగతి మా తల్లులందరికీ తెలుసు. పైకి అంటే దీర్ఘజంఘుడు బతకనిస్తాడా?"

ఆ మాట విన్నాక బుల్లెమ్మకు ఎన్నిక సంగతే గుర్తురాలేదు. పైన ఒకరు, కింద ఒకరు, ఇద్దరూ కలిసి ఏడ్చారు. మర్నాటి నుంచి మల్లి ఏ గూటికి వెళ్లి ఏం మాట్లాడిందో ఎవరికీ తెలీదు.

ఎన్నిక ముందురోజు దీర్ఘజంఘుడు మడుగంతటికీ చేపల విందు పెట్టాడు. కొంగలన్నీ వెళ్లాయి. నీటికోళ్లూ వెళ్లాయి. ఆఖరికి మూతి తుడుచుకుంటూ కెంపు కూడా అక్కడినుంచే వచ్చింది! బుల్లెమ్మ "నా పని అయిపోయింది" అనుకుని, గుడ్ల మీద వాలి కళ్లు మూసుకుంది.

దీర్ఘజంఘుడు మాత్రం విందుకొచ్చిన గూళ్లను వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. తొంభై తొమ్మిది! "నా చేపలు తిన్నవాళ్లంతా నావాళ్లే" అని మీసం లేకపోయినా మెలేశాడు. ఏ గూటికీ వెళ్లలేదు, ఎవరినీ ఒక్క మాట అడగలేదు.

తెల్లారింది. ఒక్కొక్కరే తుంగపొదలోకి వెళ్లి వచ్చారు. తాబేలు కుండలు బయటికి తెచ్చి, ఇటొక గుల్ల, అటొక గుల్ల తీసి పరచసాగింది. దాని నడక తెలిసిందే కదా, లెక్కా అంతే! పది దాటింది. కాకి చప్పుడు చేయకుండా ఎగిరిపోయింది. ముప్పై దాటింది. దీర్ఘజంఘుడి మెడ కుంచించుకుపోయింది. నలభై తొమ్మిది దగ్గర రెండూ సమానమయ్యాయి. కొంగల కుండ ఖాళీ. బుల్లెమ్మ కుండలో ఇంకా రెండు గుల్లలున్నాయి.

"యాభై ఒకటి! బుల్లెమ్మే పెద్ద!" అంది తాబేలు.

దీర్ఘజంఘుడు ఎగిరెగిరి పడ్డాడు. "మా గూళ్లలో కనీసం ఇరవై ఒకటి అటు వేశాయి! ఎవరా ద్రోహులు? ముందుకు రండి!"

"అడగకూడదు నాయనా. కట్టుబాటు" అంది తాబేలు.

"మరి నా చేపలు తిన్నారే!"

ముసలి కొంగ గొంతు సవరించుకుంది. "చేపలు మడుగువి కదయ్యా, నీవెప్పుడయ్యాయి?"



ఆ ఎండాకాలం గట్టుకు గండి పడలేదు. కొంగలు కాలవలదాకా ఎగరలేక సణుక్కున్నాయి. సణిగిన ప్రతి గూటి కిందికీ బుల్లెమ్మ వెళ్లి, "ముందే చెప్పాను కదా" అని తప్పించుకోకుండా, నీళ్లలోనే ఆగి విన్నది. ఆ వినేటప్పుడు దాని వీపు మీద నాలుగు పిల్లలుండేవి. పైన మల్లి గూట్లో మూడు పిల్లలు తొంగిచూసేవి.

పిల్లలూ, నీతి ఏమిటంటే: ఎదుటి పక్షం ఎంత పెద్దదైనా భయపడి ఆగిపోకూడదు. వాళ్ల గుమ్మంలోకి వెళ్లి, వాళ్ల బాధ విని, నిజం చెప్పేవారికి అక్కడ కూడా తనవాళ్లు దొరుకుతారు.