బ్రేకులో మిగిలిన గాలి

కాశవ్వ మఠంలో ప్రశ్న అడిగినవాడికి జవాబు రాదు, పని వస్తుంది. మనసు నిలవడం లేదన్న ఒక పెద్దమనిషి చేత పశువుల కొట్టం కడిగించింది. దేవుడున్నాడా అని అడిగిన కాలేజీ పంతులు చేత టమాటా తోటకు కట్టెలు పాతించింది. వాళ్లకు సమాధానం దొరికిందో లేదో ఎవరూ చెప్పలేరు గాని, కొట్టం శుభ్రంగా ఉంది, తోట నిలబడి ఉంది. మఠమంటే పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. మదనపల్లెకు ఎగువన, ఘాట్ రోడ్డు మలుపులన్నీ దాటాక వచ్చే గుట్టమీద నాలుగు రేకుల గదులు, ఒక వంటసాల, ఒక తోట, ఆ తోట కాయను మార్కెట్టుకు మోసే ఒక పాత పికప్ బండి. అవ్వ అసలు పేరు కాశమ్మ. కాశికి మాత్రం ఎన్నడూ పోలేదు. ఎవరైనా ఎత్తిపొడిస్తే, "పేరు పెట్టేసినారు గదా, మళ్లా పోయేదెందుకు" అనేది.

ఆ బండిని నడిపేవాడు మునిరత్నం. ఒకప్పుడు అతనికి మదనపల్లెలో బ్రేకుల పని చేసే షెడ్డు ఉండేది. చెయ్యి మంచిదని పేరు. పోయిన ఏడు స్పేరు సామాన్లకని హోసూరు పోయి ఉండగా సొంత ఊళ్లో తల్లి చనిపోయింది. తమ్ముడు దొరస్వామి ఫోను చేసేసరికి ఆమెను మట్టిలో పెట్టేశారు. మునిరత్నం వచ్చి చూసింది అమ్మను కాదు, ఇంకా తడి ఆరని మట్టికుప్పను. ఆ రోజు తమ్ముడితో ఒక్క మాట మాట్లాడలేదు. షెడ్డుకు తాళం వేసి గుట్టెక్కాడు. అప్పటినుంచి చన్నీళ్ల స్నానం, జపం, ఉపవాసం, అమావాస్యకు మౌనం, ఏదీ అతను వదల్లేదు. తమ్ముడిమీద కోపం కూడా అతన్ని వదల్లేదు. మార్కెట్టుకు పోయే దారిలోనే ఆ ఊరి మలుపు ఉంది. అక్కడికి రాగానే గేరు మార్చి, మెడ తిప్పకుండా ముందుకు చూస్తూ పోయేవాడు.

ఒక పొద్దున పాలు పోసే అతను మోటారు సైకిలు ఆపి, దిగకుండానే కబురు చెప్పాడు. "రత్నమన్నా, రేపు మీ అమ్మ ఏడాది దివసం. అన్న వస్తే తప్ప ఇస్తరాకు వెయ్యనని దొరస్వామి కూర్చోనుండాడు. చెప్పమన్నాడు, చెప్పినా."

పోకపోతే అమ్మకు ఆకు పడదు. పోతే ఆ మొహం చూడాలి, చూస్తే నోరు ఊరుకోదు, దివసం పూట ఇల్లంతా రచ్చ. ముందు ఈ కోపం పోతే తర్వాత తను పోవచ్చు. ఇదీ మునిరత్నం లెక్క. తిన్నగా అవ్వ దగ్గరికి వెళ్లాడు. ఆమె వంటసాల అరుగుమీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది.

"అవ్వా, కోపం పోవాలంటే ఏమి చేయాల? రేపటిలోగా పోవాల."

అవ్వ తల ఎత్తలేదు. "నీ తమ్ముణ్ణి ఎప్పుడన్నా అడిగినావా నాయనా, ముందే ఎందుకు చెప్పలేదని?"

"వాణ్ణి అడిగేదేముందవ్వా, తెలిసిందే గదా. దేవునికి చెప్పుకున్నా, నీకు చెప్పుకున్నా, తోటలో చెట్లకు గూడా చెప్పుకున్నా."

"సరే. నిన్న బండి పైకి వచ్చినప్పుడు కాలిన వాసన వేసింది. ఏమది?"

"వెనక బ్రేకులవ్వా. ఎడమపక్కది పట్టుకుంటే వదల్దు, కుడిపక్కది అసలు పట్టుకోదు. కాలిపర్లు రెండూ ఊడదీసి లోపల రబ్బర్లు మార్చాల. సామాను తెచ్చిపెట్టినా."

"అయితే పో, ఆ పని చూడు. కాయ పండిపోయింది. రేపు గుట్ట దిగకుంటే కుళ్లిపోతాది."

గురువుల దగ్గర చేరినవాడికి ఒక జబ్బు పట్టుకుంటుంది. గరిటె కింద పడినా అందులో ఉపదేశం వెతుకుతాడు. మునిరత్నం ఆ జబ్బులో బాగా ముదిరినవాడు. కోపం పోయే దారి అడిగితే అవ్వ కాలిపర్లు చూపించింది, కాబట్టి జవాబు కాలిపర్లలో ఉండి తీరాలని గట్టిగా నమ్మాడు. బండికి హ్యాండ్ బ్రేకు ఏనాడో పోయింది, దాని పని రెండు రాళ్లు చేస్తాయి. ఆ రాళ్లు ముందు చక్రాలకు అడ్డం పెట్టి, జాకీతో బండిని ఎత్తి, వెనక చక్రాలు రెండూ ఊడదీశాడు. చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లేన్ని రెండుపక్కల నుంచి పిడికిలి బిగించినట్టు పట్టుకుని ఆపేదే కాలిపర్. తన షెడ్డులో అయితే ఒకపక్కది విప్పి, బాగుచేసి, బిగించాక గాని రెండోపక్క ముట్టుకునేవాడు కాదు. ఈసారి రెండింటినీ విప్పి ఒకే గోనెసంచి మీద పెట్టుకుని, వాటివంక శాస్త్రగ్రంథం చూసినట్టు చూస్తూ కూర్చున్నాడు.

గాలి కొట్టి, వాటి లోపలి పిస్టన్లు బయటికి తీశాడు. ఎడమదాని మీద తుప్పు పొలుసులు కట్టి ఉంది. కుడిది తుప్పుతో పూర్తిగా బిగుసుకుపోయి, ఎంతో బతిమాలితే గాని రాలేదు. అవ్వ మజ్జిగ చెంబు పట్టుకుని వచ్చేసరికి అతని మొహం వెలిగిపోతోంది.

"తెలిసిందవ్వా. పట్టుకుంటే వదలనిది ఆశ. అసలు పట్టుకోనిది విరక్తి. రెండూ ఒకే బండిలో ఉంటే బండి అడ్డం తిరగతాది. అంతేనా?"

"అది తుప్పు నాయనా," అంది అవ్వ. "మజ్జిగ తాగు."

అతను మజ్జిగ తాగి మళ్లీ ఆలోచనలో పడ్డాడు. సన్న ఎమిరీ కాగితంతో లోపలంతా రుద్ది, బ్రేక్ ఆయిల్‌తో కడిగాడు. కొత్త రబ్బరు రింగును అదే ఆయిల్‌లో తడిపి గాడిలో కూర్చోబెట్టాడు. బ్రేకు మీద కాలు వేసినప్పుడు పిస్టన్ ముందుకు పోతుంది, కాలు తీయగానే దాన్ని వెనక్కి లాగేది ఈ రబ్బరే. ఇంతకాలం ఎన్నింటికో వేశాడు గాని ఈ సంగతి ఇవాళే చూసినట్టు అనిపించింది. గోనెసంచి దగ్గర నుంచే వంటసాల వైపు గొంతు పెంచి చెప్పాడు. "ఇనుమును వెనక్కి తీసుకునేది మెత్తని రబ్బరే అవ్వా. నేను మెత్తబడాల, అంతే గదా?"

అవ్వకు విసుగొచ్చింది. "ప్రతి బోల్టులో వేదాంతం దొరికేటట్టయితే మదనపల్లె మెకానిక్కులంతా ఈపాటికి మోక్షానికి పోయిండాల. నీ చేతులు ఏం చేస్తున్నాయో చూసుకో."

మునిరత్నం ఆ మాటను కూడా ఉపదేశంగానే తీసుకున్నాడు. నల్లని మడ్డి పట్టిన తన రెండు చేతులనూ తిప్పి తిప్పి చూసుకున్నాడు. కర్మ అంటే ఇదేనేమో అనుకున్నాడు. ఆ చూపు చేతుల దగ్గరే ఆగిపోయింది గాని, చేతుల్లో ఉన్నదానిమీద పడలేదు. అలా ఆలోచిస్తూనే కాలిపర్లు రెండూ ఎత్తి, చెరోపక్కా బిగించేశాడు.

ఇక మిగిలింది గాలి తీయడం. బ్రేకులు విప్పినప్పుడు గొట్టాల్లోకి గాలి చేరుతుంది, అదంతా పోతే గాని కాలి కింద పెడల్ గట్టిపడదు. ఒకరు లోపల కూర్చుని తొక్కి పట్టాలి, ఒకరు చక్రం దగ్గర కాలిపర్‌కు ఉండే చిన్న నట్టు వదులు చేసి, నూనెతో పాటు గాలిని బయటికి వదిలి మళ్లీ బిగించాలి. మఠంలో మిగతావాళ్లంతా కాయ కోతకు పోయారు. కాబట్టి అవ్వే చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని డ్రైవరు సీట్లోకి ఎక్కింది.

"తొక్కవ్వా. పట్టుకో. ఇంక వదులు."

"ఈ జపం బాగుంది నాయనా. లెక్క వేరేవాళ్లు పెడతారు."

మొదట నాలుగు బుడగలు వచ్చాయి. తర్వాత నట్టుకు తగిలించిన సన్న గొట్టంలో నూనె తేటగా, ఒక్క బుడగ లేకుండా వచ్చింది. రెండోపక్కా అంతే. మునిరత్నం తృప్తిగా లేచి, "ఇప్పుడెట్లుందవ్వా?" అని అడిగాడు.

"బురదలో కాలు పెట్టినట్టుంది," అంది అవ్వ. "కిందికి పోతానే ఉండాది."

అతను మళ్లీ తీశాడు. నూనె తేటగానే వచ్చింది. పెడల్ మెత్తగానే పోయింది. గొట్టాలు తడిమాడు, ఎక్కడా కారడం లేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు బ్రేక్ ఆయిల్ మంచిది కాదన్నాడు. తర్వాత రబ్బర్లు నకిలీవన్నాడు. ఎండ పడమటికి వాలింది, తోటలోంచి టమాటా పెట్టెలు ఒక్కొక్కటే వచ్చి అరుగుమీద పేరుకుంటున్నాయి. సీసాలో కొత్త ఆయిల్ అడుగంటుతోంది. బయటికి వచ్చేదాంట్లో గాలి లేదు, లోపల మాత్రం ఉంది. ఇదెట్లా కుదురుతుందో అతనికి అంతుపట్టలేదు. ఏళ్లతరబడి చేసిన పని తన చేతుల్లోంచి జారిపోయినట్టయి ఏడుపు వచ్చినంత పనయింది. ఈ బండి గుట్ట దిగకపోతే తాను కూడా దిగనక్కర్లేదన్న ఆలోచన ఒకటి పక్కనుంచి తొంగిచూసింది. దాన్ని చూసి అతనికి తనమీదే అసహ్యం వేసింది.

అవ్వకు మోకాలు నొప్పి పెట్టింది. మెల్లిగా దిగి, నడుము పట్టుకుని వెనక్కి వచ్చి ఒక రాయిమీద కూర్చుంది. మునిరత్నం చెంప నేలకు ఆనించి, వెల్లకిలా కాదు బోర్లా కాదు, ఒంటిపక్కకు పడుకుని, చెయ్యి మెలిపెట్టి కింద ఉన్న నట్టును అందుకోబోతున్నాడు. జుట్టు నిండా మట్టి. ఆమె కాసేపు చూసింది.

"మీ షెడ్డులో గూడా ఇట్లే నేలన పండుకొనే తీస్తాంటివా గాలి?"

"లేదవ్వా, గొంతుకూర్చోని..." అని అతను ఆగిపోయాడు.

గొంతుకూర్చుని తీసేవాడు. నట్టు ఎప్పుడూ చేతికి పైనే అందేది. లేచి కూర్చుని ఆ కాలిపర్‌ను చూశాడు. గాలి తీసే నట్టు నేలను చూస్తోంది. పరుగున రెండోపక్కకు పోయి చూశాడు. అదీ నేలనే చూస్తోంది. ఎడమపక్కదీ కుడిపక్కదీ చూడ్డానికి కవలపిల్లల్లా ఉంటాయి, ఒకదాని చోట ఇంకొకటి చక్కగా కూర్చుంటుంది. తేడా అల్లా ఒకటే, పైన ఉండాల్సిన ఆ నట్టు కిందికి వస్తుంది. షెడ్డులో పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్లకు తను మొదటిరోజే చెప్పే సంగతి ఇది.

"ఎడమది కుడికి పెట్టినానవ్వా, కుడిది ఎడమకు," అన్నాడు మునిరత్నం. "గాలి పైన కూర్చోనుండాది. నేను కింద తీస్తాండా. కింద ఎంత తీసినా నూనే పోతాది గాని అది పోదు."

"మరి ఇప్పుడేం చేస్తావు?"

"మార్చి పెడతా."

మార్చి పెట్టాడు. ఈసారి వేదాంతం జోలికి పోలేదు. అవ్వ మళ్లీ సీటెక్కింది. నట్టు వదులు చేయగానే బుస్సుమని గాలి, దాని వెనకే తెల్లని నురగ, గొట్టం నిండా బుడగలు. పొద్దున్నుంచీ ఎంత తొక్కినా కదలనిదంతా తన దారి తాను చూసుకుని పోయింది. రెండోపక్కా అట్లే పోయింది. సీసాలో మిగిలిన ఆయిల్ సరిగ్గా సరిపోయింది.

"గట్టిపడింది నాయనా," అంది అవ్వ లోపలినుంచి. "రాతిమీద కాలు పెట్టినట్టుంది."

మునిరత్నం నేలమీద చతికిలబడ్డాడు. సంతోషం కలిగింది, దానికంటే ఎక్కువ అయోమయం కలిగింది. బ్రేకు బాగుపడింది, బాగానే ఉంది. పొద్దున తను అడిగింది దీన్ని గురించి కాదు కదా. చెయ్యి తుడుచుకుంటూ అడిగాడు. "ఇందులో నాకు జవాబేమన్నా ఉందా అవ్వా?"

"కాయ ఎన్ని పెట్టెలైందో కనుక్కో పో," అని ఆమె చింతపండు దగ్గరికి వెళ్లిపోయింది.

మర్నాడు తెల్లవారుజామున చన్నీళ్లు పోసుకుని జపానికి కూర్చున్నాడు. కళ్లు మూస్తే మట్టికుప్ప, కళ్లు తెరిస్తే దొరస్వామి మొహం. కోపం ఉన్నచోటే ఉంది, వెంట్రుకవాసి తగ్గలేదు. లేచి బండి దగ్గరికి వచ్చాడు. టమాటా పెట్టెలు ఎక్కించి తాళ్లు బిగించి ఉన్నాయి. డ్రైవరు పక్క సీటుమీద, తోటలో కోసిన లేత అరిటాకులు తడిగుడ్డలో చుట్టి ఉన్నాయి. మార్కెట్టుకు మఠంనుంచి అరిటాకులు ఎన్నడూ పోలేదు. అవి ఎవరి ఇంటికో అతనికి అడక్కుండానే తెలిసింది. అవ్వ కిటికీ పక్కన నిలబడి ఉంది.

"అవ్వా, నువ్వు పెట్టినావు సరే. కోపం ఇంకా అట్లే ఉండాది. పోతే వాణ్ణి ఏమంటానో నాకే తెలీదు. అది పోయినాక పోదామనుకుంటిని."

అవ్వ వంగి, చక్రానికి అడ్డం పెట్టిన రాయిని పక్కకు దొర్లించింది.

"నిన్న గాలంతా పోయినాకనా నాయనా, నువ్వు ఆ నట్టును పైకి పెట్టింది?"