దానశాల తెర

అనగా అనగా, ఉప్పుగాలి ఎన్నడూ ఆగని ఒక రేవుపట్నం. అక్కడ ముసల్మానుల వీధిలో ఒక దానశాల. దానికి పెద్ద సకీనాబీ. తుఫాను వచ్చినా, కరువు వచ్చినా ఊరు ముందు తలుచుకునేది ఆమెనే.

ఆ దానశాలలో పెట్టేవారికీ పుచ్చుకునేవారికీ మధ్య ఒక తెర వేలాడేది. తెర కింద నుంచి గిన్నె వచ్చేది, నిండి వెళ్లేది. ఎవరిదని సకీనాబీ అడిగేది కాదు. "కుడిచేయి ఇచ్చింది ఎడమచేతికే తెలియకూడదన్నారు మా పెద్దలు. ఇక ఊరికెందుకు తెలియాలి?" అనేది.

ఒక ఏడు పెనుతుఫాను వచ్చింది. ఇళ్లు కూలాయి, పొలాలు ఉప్పునీట మునిగాయి. జనం కడుపు చేతబట్టుకుని దానశాలకు వచ్చారు. గాదె రోజురోజుకూ తరిగిపోయింది.

అప్పుడు ఓడల వర్తకుడు పెద్దిశెట్టి వచ్చాడు. "నూరు బస్తాలు ఇస్తానమ్మా. ఆ తెర తీసెయ్యి. ఎవరి తిండి తింటున్నారో వాళ్లకు తెలియొద్దూ?"

నూరు బస్తాలంటే మాటలా? సకీనాబీకి ప్రాణం లాగింది. అయినా, "తెర తీస్తే సగంమంది రారు శెట్టిగారూ" అంది. శెట్టి మూతి ముడుచుకుని వెళ్లిపోయాడు.

తర్వాత సొంత వీధి పెద్దలే వచ్చారు. "బిడ్డా, ఇవి మన వీధి ఇచ్చిన గింజలు. తెర తీసి ముందు మనవాళ్లకు పెట్టు. మిగిలితే ఊరికి."

"తుఫాను ఎవరి ఇల్లని అడిగి కూల్చిందా చాచా?" అంది సకీనాబీ. వాళ్లు గొణుక్కుంటూ వెళ్లారు.

గాదె అడుగు కనబడేనాటికి రాజే వచ్చాడు. "నా కొట్లలో ధాన్యం ఉంది. కాని సోమరులూ దొంగలూ తింటారని మంత్రులంటున్నారు. తెర తీసి, ముఖం చూసి పెడితేనే ఇస్తాను."

సకీనాబీ రెండు వైపులా తూచి చూసుకుంది. కాదంటే ఊరు పస్తు. అవునంటే, ముఖం చూపలేనివారు ఇంట్లోనే మాడి చస్తారు. "అలాగే ప్రభూ. అయితే మొదటి ముంత తమరే పట్టాలి, ఊరంతా చూస్తుండగా" అంది.

"అదెంత పని!" అని నవ్వాడు రాజు.

మర్నాడు తెర తీశారు. రాజు మట్టిముంతతో గంజికాగు ముందు నిలబడ్డాడు. సకీనాబీ బిస్మిల్లా అని గరిటె ఎత్తింది. రాజు చేయి మాత్రం లేవలేదు. ఎన్నో యుద్ధాల్లో కత్తి ఎత్తిన చేయి, ఇంత ముంతను ముందుకు చాచలేకపోయింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"నాకు ఆకలైనా లేదే. ఇంత బరువుగా ఉందేమిటి బీబీ?"

"తమరు ఇప్పుడే కోటకు వెళ్లిపోతారు ప్రభూ. వీళ్లు రేపు మళ్లీ రావాలి."

రాజు ముంత కింద పెట్టాడు. తన చేతులతోనే తెర దించాడు. పొద్దు వాలేలోగా ధాన్యపు బళ్లు వచ్చాయి. సకీనాబీ కళ్లు తుడుచుకుని పొయ్యి రాజేసింది. ఆ పూట తెర కింద నుంచి, ఒకప్పుడు బాగా బతికిన ఇళ్ల కంచుగిన్నెలు కూడా వచ్చాయి.

కనుక పిల్లలూ, అన్నం పెట్టిన చేయి తిన్నవాడి తల వంచకూడదు.