గీసిన చెయ్యి

ఈదయ్యస్వామికి ముక్కు మీదే కోపం. తత్వాలు చెప్పే గురువుకు శాంతం ఉండాలి కదా అని ఎవరైనా గుర్తు చేస్తే ఆ కోపం రెట్టింపయ్యేది. పొద్దంతా విరిగిన ఎముకలకు పసరుకట్లు కట్టేవాడు, పొద్దుగూకాక వచ్చినవాళ్లకు తత్వాలు చెప్పేవాడు. ప్రశ్న అడిగితే మాత్రం జవాబు చెప్పేవాడు కాదు. చేతిలో ఏ పని ఉంటే ఆ పనికి అడిగినవాణ్ని కూడా వెంట తీసుకుపోయేవాడు. అట్లా పోయివచ్చినవాళ్లలో సగం మంది మళ్లీ ఆయన గడప తొక్కలేదు. తొక్కినవాళ్లలో సుదర్శనం ఒకడు.

సుదర్శనం బస్సు డిపోలో కంట్రోలరుగా చేసి రిటైరైనవాడు. ఆయనకు లోకంలో రెండే పిచ్చులు, ఒకటి గురువు, రెండోది కల్లు. తాగి తూలే పిచ్చి కాదది. పొద్దున ఒక్క తాటాకు దొప్పెడు తాగుతాడు, అంతే. ఆ ఒక్క దొప్పనూ కళ్లు మూసుకుని, గుక్క గుక్కా నోట్లో నిలిపి తాగి, ఇది గట్టు మీది గూనితాడు, ఇది జంటతాళ్లలో పొట్టిది అని చెట్టు పేరు చెప్పేవాడు. పదకొండేళ్లుగా గీతగాడు సాయిలు చెట్టెక్కి గీసిన కల్లు తప్ప వేరేది ముట్టలేదు. ఏ రుచి ఎందువల్ల వస్తుందో సాయిలును అడిగి అడిగి ప్రాణం తీసి మరీ తెలుసుకున్నాడు. ఊరు ఆయనకు నాలుక సారు అని పేరు పెట్టింది. ఊరంతా చేరి కల్లు తాగే మండువలో ఆయన తలాడించిన కుండ ముందు జనం మూగేవాళ్లు, పెదవి విరిచిన కుండ మీద ఈగలు మూగేవి. మూడేళ్ల కిందట మందు కలిపి అమ్ముతున్న ఒకణ్ని ఒక్క గుక్కతో పట్టించింది ఆ నాలుకే, ఊరు దాటించింది ఆయన కోపమే. అప్పటినుంచి తన కోపం మీద సుదర్శనానికి మహా గౌరవం.

మాఘమాసంలో ఒకనాడు, పోతుతాళ్లకు కల్లు బాగా పారుతున్న రోజుల్లో, ఆయన మండువ నుంచి నేరుగా గురువు దగ్గరికి వచ్చాడు. కోపంతో ఇంకా ఊపిరి బుసలు కొడుతోంది.

"స్వామీ, శాంతమే జ్ఞానమంటరు మీరు. రుచి తెలిసినోడు అబద్ధాన్ని ఓర్చుకుంటే ఇగ వాని రుచి ఎందుకు? నాకొచ్చిన కోపం ధర్మమా, అధర్మమా?"

ఈదయ్యస్వామి కట్లకోసం పాతపంచె చింపుతున్నాడు. "ఏం జేసినవ్?" అన్నాడు తలెత్తకుండా.

సుదర్శనం చెప్పాడు. కొంచెం ముచ్చటపడుతూనే చెప్పాడు. పది రోజులు పొరుగూళ్లో ఉండి ఆ పొద్దున మండువకు పోతే, సాయిలు భార్య లచ్చవ్వ ఎప్పటిలాగే దొప్పలో కల్లు పోసింది. ఒక్క గుక్క పట్టి ఉమ్మేశాడు, మిగిలింది ఆమె కాళ్ల ముందే గుమ్మరించాడు. "ఇది సాయిలు చెయ్యి గాదు. మొగని పేరు చెప్పి ఎవని కల్లు పోస్తున్నవ్?" అని పదిమందిలో మూడుసార్లు అడిగాడు. ఆమె కొంగు భుజాల నిండా కప్పుకుని నిలబడిందే తప్ప ఉలకలేదు, పలకలేదు. తప్పు లేనిది నోరెందుకు మూస్తుంది? చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కొక్కరే దొప్పలు పట్టుకుని పక్క కుండలకు జరిగారు. ఈయన అంతటితో ఊరుకోక గీత సంఘం అధ్యక్షుడు బిక్షపతిని పిలిపించాడు. సాయిలు చెట్లకు ఇంకెవరో ఎక్కుతున్నారని చెప్పాడు. పేరున్నవాడు ఎక్కకపోతే చెట్లు వేరే గీతగానికి అప్పజెప్పాలని ఆ ఊళ్లో కట్టుబాటు. బిక్షపతి తల గోక్కుని, "రేపు పొద్దుగాల నా ముందర మల్ల తాగి చెప్పు సారూ. సాయిలు చెయ్యి గాదంటే పన్నెండు చెట్లు వేరేటోనికి ఇచ్చేస్త" అన్నాడు.

"నీ నాలుక ఏం చెప్పింది? అంత చెప్పు" అన్నాడు ఈదయ్యస్వామి.

అడగడమే ఆలస్యం. "కల్లు కారే గెలను మందంగ గీసిన్రు స్వామీ. సాయిలు వెంట్రుకంత పలుచగ గీస్తడు. మందంగ గీస్తే కల్లు ఒక్కపారి పొంగుతది, పొద్దెక్కకముందే పులుస్తది. అది కొత్త చెయ్యి. పైన ఎక్కువసేపు నిలవడలేక, ఒక్క ఏటుతోని పని కానిచ్చుకొని దిగుదామనుకున్న చెయ్యి. భయపడ్డ చెయ్యి."

"భయపడ్డ చెయ్యని గూడ చెప్పిందా?"

"చెప్పింది. నా నాలుక అట్లాంటిది మరి."

"చెప్తే నువ్వేమడిగినవ్?"

"ఏమడుగుత? ఎవని కల్లని అడిగిన."

పంచె చింపుతున్న చేతులు ఆగిపోయాయి. స్వామి ముఖం కందగడ్డలా అయింది. లేచి, పసరు ముంత తీసుకుని, "ఒక కట్టు మార్చేదున్నది. సంచి పట్టుకో" అన్నాడు.

మిట్టమధ్యాహ్నం ఎండలో ఇద్దరూ తాటివనం దారి పట్టారు. స్వామి వెనక్కి చూడకుండా నడుస్తున్నాడు. ఆ నడకలో కోపం సుదర్శనానికి తెలుస్తూనే ఉంది. అబద్ధమాడిన ఆ ఆడదాని మీదే గురువుకు కోపం వచ్చిందనుకుని, తన ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే సంతోషపడ్డాడు. అంత చదువుకున్న నాలుక పక్కన ఇంత మొద్దు బుర్ర ఎట్లా ఇమిడిందో ఆ భగవంతుడికే తెలియాలి.

వనం నడుమ సాయిలు గుడిసె. కల్లు పారే కాలమంతా గీతగాళ్లు వనంలోనే ఉంటారు కాబట్టి అతను ఊళ్లో కనబడకపోయినా ఎవరూ అడగలేదు. సాయిలు చాప మీద పడుకుని ఉన్నాడు. కుడి భుజం నుంచి మోచేతి దాకా కట్టు. ఎనిమిది రోజుల కిందట మంచుకు తడిసిన మాను మీద కాలు జారి, సగం చెట్టు నుంచి పడ్డాడు. ఈ సంగతి తెలిసింది ఇద్దరికే. ఒకరు భార్య, ఇంకొకరు కట్టుకట్టిన స్వామి. సుదర్శనాన్ని చూసి అతను ఎడమచేతి మీద లేవబోయాడు. పొద్దున మండువలో జరిగింది అతని దాకా రాలేదు.

"కల్లు మంచిగుంటున్నదా సారూ?" అన్నాడు.

సుదర్శనం చేతిలోని సంచి దించి, దాని మూతి విప్పే పనిలో పడ్డాడు. స్వామి అటు చూడనే లేదు, కట్టు విప్పడం మొదలుపెట్టాడు.

బయట ఎక్కడో పైన కత్తి చప్పుడైంది. ఆ వంకన సుదర్శనం గుడిసెలోంచి బయటపడ్డాడు. గట్టు మీది గూనితాటి నెత్తిన, చీర గోచీ పోసుకుని, నడుముకు మొగుడి మోకు చుట్టుకుని లచ్చవ్వ ఉంది. ఒక చేత్తో మట్టను కరుచుకుని, ఒక్క ఏటుతో గెల కొన కోసి, కల్లు పట్టే లొట్టి తగిలించి, కళ్లు మూసుకుని దిగడం మొదలుపెట్టింది. చెట్టుకు రొమ్ము ఆన్చి, జానెడు జానెడు దిగుతోంది. ఆమె నేల మీద కాలు పెట్టాక చేతులు కనబడ్డాయి. మణికట్టు నుంచి భుజాల దాకా బెరడు గీరుకుపోయి, పాత గాయాల మీద కొత్త రక్తం. పొద్దున కొంగు కింద దాచుకున్నవి అవే. దొప్పలోకి కల్లు వంచింది ఆ చెయ్యే, తన ముఖానికి మూరెడు దూరంలో.

లచ్చవ్వ ఆయన్ని చూసి బెదరలేదు. బెదరడానికి ఆమెలో ఇంకేం మిగలలేదు, కోపం తప్ప.

"చూసినవ్ గద సారూ. దినాం మూడుపార్లు గియ్యకుంటె గెల ఎండిపోతది. ఎండిందంటె ఇగ ఈ ఏడు తిండి లేనట్టె. ఆయన లేసేసరికి నలభై దినాలైతది. ఆడిది ఎక్కుతున్నదంటె సంఘపోళ్లు ఉంచుతరా చెట్లు?" మోకు విప్పి నేలమీద వేసింది. "పదకొండేండ్ల సంది నీకు నేనే పోస్తున్న. నీ నాలుకకు నా చెయ్యి దొరికింది గని, నీ కండ్లకు ఇప్పటిదాంక నేను దొరకలే. పో, రేపు చెప్పుకో."

తిరిగి వచ్చే దారిలో గురువు తిట్టినా బాగుండునని శిష్యుడికి అనిపించింది. రుచి పేరు చెప్పుకుని పదిమందిలో ఒక మనిషి పరువు తీసి, దానికి ధర్మమని పేరు పెట్టి, పైగా మెచ్చుకోలు కోసం గురువు దగ్గరికి పరుగెత్తినవాణ్ని ఎవరు మాత్రం తిట్టరు? ఆయన తిట్టలేదు. ఇంటి ముందు సంచి అందుకుని లోపలికి పోయాడు.

మర్నాడు మండువ కిక్కిరిసింది. బిక్షపతి ముందే వచ్చి కూర్చున్నాడు. లచ్చవ్వ కుండ దించి, కొంగు కప్పుకున్న చేతులతోనే దొప్పలోకి పోసింది. సుదర్శనం గుక్క పట్టాడు. నిన్నటికన్నా మందంగా గీసిన కల్లు, ఇంకా పొద్దెక్కకముందే పులుపెక్కింది. నాలుక భగ్గుమంది. ఉమ్మెయ్యమంది. ఆ నాలుక తప్ప ఆయనకు ఊళ్లో వేరే పేరు లేదు, వేరే గౌరవం లేదు. ఆయన మింగాడు. దొప్ప అడుగు దాకా తాగాడు.

"సాయిలు చెయ్యే" అన్నాడు.

"నిన్న గాదంటివి?" అన్నాడు బిక్షపతి.

"నిన్న నా నాలుక తప్పింది."

ఒక క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఎవడో "కంట్రోలర్ సారుకే బస్సు తప్పింది" అన్నాడు. మండువ మండువంతా గొల్లుమంది. "ఇన్నేండ్లు ఉత్తగనే నమ్మితిమి" అన్నాడు ఇంకొకడు. బిక్షపతి పొద్దున్నే పని చెడగొట్టినందుకు గొణుక్కుంటూ లేచిపోయాడు. జనం దొప్పలు పట్టుకుని లచ్చవ్వ కుండ ముందుకు మళ్లీ చేరారు. ఆమె సుదర్శనం వైపు చూడలేదు, మంచిమాటా అనలేదు. పక్కవాడి దొప్పలోకి కల్లు వంచింది.

సుదర్శనం అక్కణ్నుంచి నేరుగా గురువు గడప ఎక్కాడు. నవ్వినవాళ్ల మీద కోపం, తన మీద కోపం, అన్నిటికన్నా ఎక్కువగా ఈ ముసలాయన మీద కోపం.

"నాతోని అబద్ధమాడించినవ్ స్వామీ. పుట్టి బుద్ధెరిగినంక రుచి మీద నేను అబద్ధమాడలే. ఊరంత నవ్వుతున్నది."

"నేను ఆడమన్ననా? కట్టు మార్చిన, అంతే." ఈదయ్యస్వామి పసరు నూరుతూ అడిగాడు, "కల్లెట్లున్నది?"

"అధ్వానం. నిన్నటికంటె మందం. అట్ల గీస్తే గెల ఇంకో పదిదినాలు గూడ నిలవడదు, నలభై దినాలు యాడిది? కత్తి గట్టిగ పట్టుకుంటున్నది, భయానికి. ఒడుపు మణికట్టుల ఉండాలె, బలం ఉండొద్దు. సాయిలు నాకు ఎన్నిసార్లు చెప్పిండో. ఒక్క ఏటు గాదు, రెండు పలుచటి ఏట్లు, కత్తి ఏటవాలుగ..."

స్వామి రాయి నేలకేసి కొట్టాడు. పసరు చింది ఇద్దరి మీదా పడింది.

"ఇదంత నాకెందుకు చెప్తున్నవ్ర? నేను చెట్టెక్కుతున్ననా?"

సుదర్శనం ముఖం మీది పసరు తుడుచుకున్నాడు. స్వామి రాయి తీసుకుని మళ్లీ నూరడంలో పడ్డాడు. ముఖం అటే తిప్పుకుని అన్నాడు.

"పగటి గీతకు లచ్చవ్వ ఇంకా చెట్టెక్కలే. పో."